మనసు చదువుకు మన ఊరి పిల్లలు



ఆకాశవాణి అనే పేరుతో మన దేశంలో తొలిసారి రేడియో నడిపిన మనిషి ఒక సైకాలజీ ప్రొఫెసర్. ఆయన పేరు ఎం.వి. గోపాలస్వామి. మైసూరు విశ్వవిద్యాలయంలో 1924లో సైకాలజీ శాఖ మొదలైనప్పుడు దాన్ని నిలబెట్టినవాడు ఆయనే. 1935లో మైసూరులోని తన సొంత ఇంట్లోనే ఒక చిన్న ట్రాన్స్‌మిటర్ పెట్టుకొని ప్రసారాలు మొదలుపెట్టారు. మనుషుల మనసును పరిశోధించేవాడికి మనుషులతో మాట్లాడే సాధనం ఒకటి కావాలనిపించడం నాకెంతో సహజంగా తోస్తుంది.

ఇవాళ నేను ఒక్కరితో మాట్లాడుతున్నాననుకొని మాట్లాడతాను. వర్ధన్నపేటలోనో, ఇల్లందలోనో, కట్ర్యాలలోనో ఇంటర్ పాసై, డిగ్రీలో ఏం తీసుకోవాలో తేల్చుకోలేక కూర్చున్న ఒక అమ్మాయి లేదా అబ్బాయి. సైకాలజీ చదవాలని మనసులో ఉంది. ఇంట్లో చెప్పాలంటే జంకుగా ఉంది. అమ్మానాన్నలు కూడా పక్కనే ఉంటే వినండి. ఈ చదువు మీద అనుమానాలు ఎక్కువగా మీవే.

ఆ అనుమానాలు నాకు తెలుసు. "పిచ్చోళ్ళ దవాఖానల పని చేస్తవా బిడ్డా?" అన్నది మొదటిది. "నౌకరి వస్తదా?" అన్నది రెండోది. స్నేహితులైతే "నా మనసుల ఏమున్నదో చెప్పు చూద్దాం" అని చెయ్యి చాపుతారు, జాతకం చూపించుకుంటున్నట్టు. ముందు వీటిని తేల్చేద్దాం. సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ చదివి, ఆపైన మానసిక వైద్యంలో ఎండీ చేసిన డాక్టరు. మందులు రాసేది ఆయన. సైకాలజిస్టు మందులు రాయడు. అతని పనిముట్లు మాట, పరీక్ష, శిక్షణ. ఎవరి మనసులో ఏముందో చూడగానే చెప్పే విద్య ఎవరికీ లేదు. సైకాలజిస్టుకీ లేదు. అడుగుతాడు, వింటాడు, కొలుస్తాడు, తను అనుకున్నది నిజమో కాదో మళ్ళీ సరిచూసుకుంటాడు. ఈ నాలుగు పనులూ నేర్చుకోవడానికే అన్నేళ్ళ చదువు.

ఈ విద్య అవసరం వరంగల్ జిల్లాకు కొత్తగా రాలేదు. 1997-98 సంవత్సరం మన జిల్లా రైతులు మరిచిపోగలిగింది కాదు. పత్తి మీద పురుగు పడింది. కొట్టిన మందులు పనిచేయలేదు, వాటిలో నకిలీవి కూడా ఉన్నాయి. మందు అమ్మిన దుకాణంలోనే అప్పు, విత్తనం ఇచ్చిన వ్యాపారికే పంట. అప్పుల భారంతో మన రైతులు వరసగా ప్రాణాలు తీసుకున్నారు. దేశమంతా వరంగల్ పేరు ఆ రకంగా విన్నది. ఒక మాట ఇక్కడ గట్టిగా చెప్పాలి. గిట్టుబాటు ధర ఇవ్వాల్సిన చోట, బ్యాంకు అప్పు ఇవ్వాల్సిన చోట కౌన్సెలింగ్ ఇచ్చి ఊరుకుంటామంటే అది అన్యాయం. రైతు బాధకు కారణం అతని మనసులో పుట్టలేదు. అయితే ఆ ఇంట్లో మిగిలిన భార్య సంగతి? నాన్న ఎందుకు పోయాడో అర్థంకాక బడి మానేసిన కొడుకు సంగతి? చాలా ఇళ్ళలో వాళ్ళ పక్కన కూర్చొని, ఏళ్ళ తరబడి వచ్చిపోతూ, పద్ధతిగా మాట్లాడే మనిషి లేకపోయాడు. ఆ లోటు అలాగే ఉండిపోయింది.

మన పల్లెల్లో మనోవేదన డాక్టరు దగ్గరికి ఎలా వస్తుందో గమనించారా? డిప్రెషన్ అన్న పేరు పెట్టుకొని రాదు. "తలంత బరువున్నది సారూ, కడుపుల మంట, నిద్ర పడతలేదు, పానం నిమ్మళం లేదు" అంటూ వస్తుంది. గ్యాస్ గోళీలు రాయించుకుంటారు. సూది వేయించుకుంటారు. గ్లూకోజ్ ఎక్కించుకుంటారు. అప్పటికీ తగ్గకపోతే వర్ధన్నపేట నుంచి సుమారు 30 కిలోమీటర్ల దూరంలోని వరంగల్‌కు బస్సెక్కి, ఎంజీఎం ఆసుపత్రిలో ఏ విభాగానికి పోవాలో తెలియక తిరుగుతారు. రంధి, బుగులు, మనాది అని వచ్చినామె చెబుతుంటే, వాటిలో ఏది ఎప్పటిది, ఏది ఎంత లోతుది అని విడదీసి అడగగలిగేది ఆ మాటల మధ్య పుట్టి పెరిగినవాళ్ళే. ఆ మాటలు మీకు పుస్తకం చూడకుండానే వచ్చు. ఈ రంగంలోకి మీరు తీసుకొచ్చే మొదటి పెట్టుబడి అదే. పట్నంలో ఇంగ్లిషు బడుల్లో చదివిన తోటి విద్యార్థులను చూసి చిన్నబోకండి.

అంకెలు కూడా చెప్పనివ్వండి. 2015-16లో బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ ఆధ్వర్యంలో దేశంలోని 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిగింది. పెద్దవాళ్ళలో 10.6 శాతం మంది ఆ సమయంలో ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నట్టు తేలింది. జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి వైద్యం అందడమే లేదు. వందమంది బాధపడుతుంటే కనీసం డెబ్బైమంది ఏ గడపా తొక్కలేదన్నమాట.

ఇప్పుడు సైకాలజిస్టు చేసే పనుల్లో మీరు కళ్ళారా చూసిన ఒకదాని గురించి చెబుతాను. సదరం క్యాంపు. వికలాంగుల ధ్రువపత్రం కోసం, పింఛను కోసం తల్లులు పిల్లలను చంకనేసుకొని వచ్చి పొద్దుటి నుంచి వరసలో కూర్చునే చోటు. చెవి, కన్ను, కాలు, చెయ్యి అయితే డాక్టరు చూసి చెబుతాడు. బుద్ధి ఎదుగుదల తక్కువైన పిల్లవాడి సంగతి అలా కాదు. అతన్ని పరీక్షించాల్సింది సైకాలజిస్టు. మెడ ఎప్పుడు నిలిచింది, నడక ఎప్పుడొచ్చింది, అన్నం తనే తింటాడా, బజారుకు పంపితే తిరిగి వస్తాడా అని తల్లిని అడుగుతాడు. చెక్క పలకలోని గుంతల్లో ఆకారాలు అమర్చమని పిల్లవాడికి ఇస్తాడు. ప్రశ్నలు వేస్తాడు. వచ్చిన అంకెను బట్టి వైకల్యం ఎంత శాతమో నిర్ణయమవుతుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం అన్నది పెద్ద గీత. ఆ గీతకు ఇవతల పడితే ఒక బతుకు, అవతల పడితే మరో బతుకు.

ఇక్కడే చదువు లోతు తెలుస్తుంది. మన దేశంలో చాలాకాలంగా వాడుతున్న బుద్ధి పరీక్షల్లో బినే-కామత్ పరీక్ష ఒకటి. ఫ్రాన్సులో బినే తయారుచేసిన పరీక్షను వి.వి. కామత్ 1930లలో ధార్వాడ ప్రాంతంలోని కన్నడ, మరాఠీ పిల్లలకు తగ్గట్టు మార్చారు. దాన్ని మన పిల్లవాడి ముందు పెట్టి, ప్రశ్నను అప్పటికప్పుడు పుస్తకాల తెలుగులోకి మార్చి అడిగితే, కట్ర్యాల పిల్లవాడు నోరు తెరవకపోవచ్చు. ప్రశ్న అర్థం కాలేదా, జవాబు తెలియదా, కొత్త మనిషిని చూసి భయపడ్డాడా? ఈ మూడింటికీ తేడా తెలియని పరీక్షకుడి చేతిలో ఆ పిల్లవాడికి తప్పుడు అంకె పడుతుంది. తల్లితో నాలుగు మాటలు మాట్లాడి, పిల్లవాడిని దగ్గరికి తీసుకొని, అతని భాషలో అడగగలిగినవాడికే సరైన అంకె దొరుకుతుంది. భాష ఒక్కటే వచ్చి పరీక్ష శాస్త్రం రాకపోయినా ప్రమాదం అంతే. రెండూ ఉన్న మనిషి మన జిల్లాకు కావాలి.

పరీక్ష శాస్త్రం అన్నాను కదా, అందులో సగం గణితం. లెక్కలకు భయపడి హెచ్ఈసీ తీసుకున్నవాళ్ళు సైకాలజీలోకి వచ్చి, రెండో సెమిస్టరులో గణాంకశాస్త్రం చూసి బెంబేలెత్తడం నేను ఏటా చూస్తుంటాను. ఇందాక చెప్పిన గోపాలస్వామి లండన్‌లో ఎవరి దగ్గర చదివారో తెలుసా? చార్లెస్ స్పియర్‌మన్ దగ్గర. స్టాటిస్టిక్స్ పుస్తకంలో ర్యాంక్ కోరిలేషన్ అని చదువుతారే, ఆ స్పియర్‌మనే ఈయన. ఆయన సైకాలజిస్టు. బుద్ధిని ఎలా కొలవాలా అనే తపనలోంచే ఆయన ఆ లెక్కలు కట్టారు. అందుకని ఈ వేసవిలోనే సగటు, మధ్యగతం మళ్ళీ ఒకసారి చేసి చూసుకోండి. పదో తరగతి లెక్కల పుస్తకం చాలు మొదలుపెట్టడానికి.

లెక్కతో పాటు సందేహించే అలవాటు కూడా కావాలి. తెలుగువాడైన కోనేరు రామకృష్ణారావు ఈ రంగంలో ప్రపంచానికి తెలిసిన పేరు. అమెరికాలో పారాసైకాలజీ పరిశోధకుడు జె.బి. రైన్‌తో కలిసి పనిచేసి వచ్చి, 1967లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పారాసైకాలజీ శాఖను నెలకొల్పారు. అదే విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయ్యారు. 2011లో పద్మశ్రీ అందుకున్నారు. 2021లో కన్నుమూశారు. భారతీయ తత్వచింతనను సైకాలజీతో కలిపి ఆలోచించమని ఆయన చేసిన కృషి గౌరవించదగింది. అయితే ఇంద్రియాల సాయం లేకుండా విషయాలు తెలుసుకోవచ్చన్న పారాసైకాలజీ వాదనను ఎక్కువమంది సైకాలజిస్టులు ఒప్పుకోలేదు. వేరే ప్రయోగశాలల్లో చేసినప్పుడు అవే ఫలితాలు నిలకడగా రాలేదన్నది వాళ్ళ అభ్యంతరం. ఎంత పెద్ద పేరున్న మనిషి చెప్పినా "ఇంకొకరు చేస్తే ఇదే వచ్చిందా?" అని అడగడం మీరు మొదటి ఏడాదిలోనే అలవాటు చేసుకోవాలి.

ఇక దారి సంగతి. కాగితం, కలం దగ్గర పెట్టుకుంటే మంచిది.

డిగ్రీలో సైకాలజీ ఒక సబ్జెక్టుగా మూడేళ్ళు. తర్వాత ఎంఏ గానీ ఎమ్మెస్సీ గానీ రెండేళ్ళు. ఉస్మానియాలో, తిరుపతి శ్రీ వేంకటేశ్వరలో, విశాఖలో సైకాలజీ శాఖలున్నాయి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో హెల్త్ సైకాలజీకి ప్రత్యేకంగా ఒక కేంద్రమే ఉంది. ఇక్కడితో మీకు సైకాలజీ తెలుస్తుంది. రోగికి చికిత్స చేసే హక్కు మాత్రం ఇంకా రాదు. క్లినికల్ సైకాలజిస్టు అని బోర్డు పెట్టుకోవాలంటే 1992 చట్టం కింద ఏర్పడిన భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ, గుర్తించిన కోర్సు చేసి దాని రిజిస్టరులో పేరెక్కాలి. ఇన్నాళ్ళూ అందుకు దారి రెండేళ్ళ ఎంఫిల్. ఆసుపత్రిలో, సీనియర్ల కళ్ళ ముందు, రోగులతో చేసే శిక్షణ అది. బెంగళూరులో ఇప్పుడు నిమ్హాన్స్ అని పిలుస్తున్న సంస్థలో ఇలాంటి శిక్షణ 1955 నుంచీ ఉంది. సికింద్రాబాద్‌లో స్వీకార్ ఉపకార్ ఉంది. అక్కడే మనోవికాస్ నగర్‌లో 1984లో పెట్టిన జాతీయ సంస్థ, ఇప్పటి పేరు ఎన్ఐఈపీఐడీ, పునరావాస సైకాలజీలో శిక్షణ ఇస్తూ వచ్చింది. మొత్తం ఏడేళ్ళు. డాక్టరు చదువుకు తక్కువేమీ కాదని పెద్దవాళ్ళు గమనించాలి.

ఈ దారి ఇప్పుడే మలుపు తిరుగుతోంది, జాగ్రత్తగా వినండి. కొత్త విద్యావిధానంలో ఎంఫిల్‌ను ఎత్తేశారు. క్లినికల్ సైకాలజీకి మాత్రం 2025-26 వరకు యూజీసీ గడువు పెంచింది. దాని స్థానంలో వేరే కోర్సులు వస్తున్నాయి. ఇంకొకటి ఇంతకంటే ముఖ్యం. ఇన్నేళ్ళుగా మన పల్లెల టీచర్లు, గృహిణులు, చిన్న ఉద్యోగాలు చేసుకునేవాళ్ళు ఎంతోమంది దూరవిద్యలో సైకాలజీ ఎంఏ చేశారు. 2025 జులై-ఆగస్టు సెషన్ నుంచి సైకాలజీని దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో చెప్పకూడదని యూజీసీ ఆపేసింది. సైకాలజీని 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం కిందికి తేవడం దీనికి కారణం. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకొని నేర్వాల్సిన విద్యను పోస్టులో నేర్వలేమన్నది నాకూ ఒప్పుదలే. కానీ కాలేజీ ఊళ్ళో లేని ఆడపిల్లకు ఉన్న ఒక్క తలుపూ మూసి, దానికి బదులు జిల్లాలో రెగ్యులర్ సీట్లు పెంచకపోతే నష్టపోయేది వర్ధన్నపేటలాంటి ఊళ్ళే. సీట్లు పెంచమని మనం అడగాలి. ప్రజాప్రతినిధులను, విశ్వవిద్యాలయాలను అడగాలి. ఈలోపు ఎవరైనా దూరవిద్యలో సైకాలజీ సీటు ఉందని చెబితే, ఫీజు కట్టకముందు యూజీసీ వెబ్‌సైటులో, ఆర్‌సీఐ వెబ్‌సైటులో ఆ సంస్థ పేరు, ఆ కోర్సు పేరు, ఆ సంవత్సరం మూడూ సరిచూసుకోండి. మూడు నెలల్లో కౌన్సెలర్, వారం రోజుల్లో థెరపిస్టు అనే ప్రకటనలను నమ్మకండి. సగం నేర్చినవాడి చేతిలో పడితే, చచ్చిపోవాలనుందని చెప్పిన మనిషికి "ధైర్యంగా ఉండండి" అన్న మాట ఒక్కటే దొరుకుతుంది. ఆ మాటతో అతను మళ్ళీ ఎవరికీ చెప్పుకోడు.

కాలేజీ బయట ఎలా సిద్ధం కావాలి? ముందుగా అంపశయ్య నవల చదవండి. రాసిన నవీన్ మనకు దగ్గరివాడే, పాలకుర్తి పక్క వావిలాలలో పుట్టారు. 1969లో వచ్చిన ఆ నవలలో ఉస్మానియా హాస్టల్లో ఉండే రవి అనే పేద విద్యార్థి మనసులో ఒక్క రోజులో తిరిగే ఆలోచనలన్నీ ఉంటాయి. డబ్బుల్లేని పిల్లవాడు పట్నం హాస్టల్లో లోలోపల ఎంత నలుగుతాడో సైకాలజీ పాఠ్యపుస్తకంలో మీకు ఇంత దగ్గరగా కనిపించదు. రేపు మీరు గురుకులంలోనో, కస్తూర్బా విద్యాలయంలోనో పిల్లలతో పనిచేస్తే, మీ ఎదురుగా కూర్చునేది ఆ రవి లాంటి పిల్లలే.

తర్వాత ఐనవోలు వెళ్ళండి. మల్లన్న జాతరకు చిన్నప్పటి నుంచీ వెళ్తూనే ఉన్నారు, ఈసారి విద్యార్థిగా వెళ్ళండి. మల్లన్న ముందు శివసత్తులు పూనకంతో ఆడుతున్నప్పుడు, జబ్బు అని పేరు పెట్టేయడానికి తొందరపడకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణే ఆ తొందర వద్దంటుంది. ఒక సమాజం తన ఆచారంలో భాగంగా అంగీకరించిన పూనకాన్ని అది రోగంగా లెక్కించదు. జాతర అయిపోయాక, ఇంట్లో, తనకు ఇష్టం లేకుండా, బతుకు దెబ్బతినేలా అది మళ్ళీ మళ్ళీ వస్తుంటే, అప్పుడు ఆగి అడగాలి. అక్కడికి వచ్చిన ఆడవాళ్ళను గౌరవంతో చూడగలిగితేనే మీకీ వృత్తి అబ్బుతుంది.

గుట్టు కాపాడటం మరొకటి. పట్నంలో క్లినిక్ తలుపు మూస్తే గుట్టు నిలుస్తుంది. వర్ధన్నపేట బస్టాండులో టీ తాగేవాళ్ళందరికీ ఒకరి ఇంటి సంగతి ఒకరికి తెలుసు. మీ దగ్గరికి వచ్చినామె మీ మేనత్తకు పొరుగు ఇల్లు కావచ్చు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గోప్యతను రోగి హక్కుగా రాసింది. మన ఊళ్ళో ఆ హక్కును నిలబెట్టడమంటే అమ్మ అడిగినా, మేనత్త అడిగినా "నాకు తెలియదు" అని చెప్పగలగడం. ఇప్పటినుంచే స్నేహితుల రహస్యాలతో సాధన చేయండి.

ఉద్యోగాల మాట దాచను. ప్రభుత్వంలో ఉన్న కొద్దిపాటి పోస్టుల్లో చాలావరకు కాంట్రాక్టువి. అయినా పని చోట్లు ఒకప్పటికంటే పెరిగాయి. పిల్లల ఎదుగుదల లోపాలను గుర్తించే జిల్లా కేంద్రాలు, సఖి, భరోసా కేంద్రాలు, వ్యసన విముక్తి కేంద్రాలు, ఫ్యామిలీ కోర్టులు, ప్రత్యేక అవసరాల పిల్లలకున్న భవిత కేంద్రాలు, కార్పొరేట్ ఆసుపత్రులు, కంపెనీల మానవ వనరుల విభాగాలు. వీటితో పాటు జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం. దాని కథ తెలుగువాళ్ళకు దగ్గరిది. 1980లలో నిమ్హాన్స్ వాళ్ళు మన పొరుగున, తెలుగు కూడా మాట్లాడే బళ్ళారి జిల్లాలో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు, కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి చూశారు. పనిచేసింది. 1996లో ఆ పద్ధతిని దేశంలో మొదట నాలుగు జిల్లాల్లో పెట్టినప్పుడు అందులో మన మెదక్ ఒకటి. ఈమధ్య పశ్చిమ గోదావరి పల్లెల్లో ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి మనోవేదనను గుర్తించి ఆరోగ్య కేంద్రానికి పంపే పరిశోధన కూడా జరిగింది. ఆశాలు గుర్తించాక చికిత్స చేయడానికి జిల్లాలో ఎవరో ఒకరు ఉండాలి కదా. ఆ కుర్చీ మీకోసం అడుగుతున్నాను.

ఈ మాటలు వింటున్నవాళ్ళలో ఇప్పుడే సాయం కావాల్సినవాళ్ళు ఉండవచ్చు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు చెబుతున్నాను. ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు. మళ్ళీ చెబుతున్నాను, 14416. డబ్బులు కట్టనక్కర్లేదు. రాత్రి అయినా పగలు అయినా తెలుగులో మాట్లాడవచ్చు.

విద్యార్థులకు చివరగా ఒక పని. డిగ్రీ ప్రవేశాల దోస్త్ నోటిఫికేషన్ వచ్చేదాకా ఆగకుండా, సైకాలజీ ఉన్న డిగ్రీ కాలేజీలు హనుమకొండలో, హైదరాబాద్‌లో ఏవేవో రాసిపెట్టుకోండి. ఆ కాలేజీలో సైకాలజీ చెప్పడానికి రెగ్యులర్ లెక్చరర్ ఉన్నారా, ల్యాబ్ ఉందా అని ఫోను చేసి అడగండి. హాస్టల్ ఖర్చు, బస్ పాస్ ఎంతవుతాయో అమ్మానాన్నలతో కూర్చొని లెక్కవేయండి. ఈ-పాస్ స్కాలర్‌షిప్‌కు కులం, ఆదాయం ధ్రువపత్రాలు అడుగుతారు. మీ సేవలో రద్దీ పెరగకముందే ఈ వారంలో వాటికి దరఖాస్తు పెట్టండి.